దారి తప్పుతామన్న భయం ఫోబియా ఎప్పుడవుతుంది?

తెలుగులో ‘దిక్కు’ అనే మాట రెండు పనులు చేస్తుంది. తూర్పు ఒక దిక్కు, పడమర ఒక దిక్కు. కష్టంలో ఆదుకునే మనిషీ దిక్కే. ‘నాకెవరు దిక్కు’ అని వాపోయే మనిషి ఉత్తరం ఎటుందని అడగడం లేదు. ‘దిక్కులేని పిల్ల’, ‘దిక్కుమాలిన బతుకు’, ‘దిక్కుతోచని స్థితి’ అన్నవన్నీ ఈ కోవలోవే. ప్రముఖులెవరైనా మరణించినప్పుడు పత్రికల్లో తప్పకుండా కనిపించే ‘దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు’ అనే వాక్యంలోని దిగ్భ్రాంతి కూడా దిక్కుల విషయంలో కలిగే భ్రాంతికి పెట్టిన పేరే, ఇప్పుడు ఆ మాట వాడేవారెవరికీ దిక్కులు గుర్తుకు రాకపోయినా. ఎటు వెళ్ళాలో తెలియకపోవడానికీ, అండగా నిలిచేవారు లేకపోవడానికీ భాష ఒకే మాటతో సరిపెట్టుకుందంటే, దారి తప్పడమనే అనుభవంలో మనిషిని భయపెట్టేది దారి ఒక్కటే కాదని అనుకోవచ్చు.

మేడారం జాతరలోనో, పుష్కర ఘాట్ల దగ్గరో కాసేపు నిలబడిన ఎవరికైనా మైకులో వినిపించే ఆ ప్రకటన తెలిసిందే. నీలం గౌను వేసుకున్న నాలుగేళ్ళ పాప తప్పిపోయి వచ్చింది, ఊరి పేరు చెప్పలేకపోతోంది, తాలూకు మనుషులు వెంటనే రావాలి. ఆ ప్రకటన చెవినపడిన క్షణంలో చుట్టుపక్కల తల్లులందరూ తమ పిల్లల చేతులు ఇంకాస్త గట్టిగా పట్టుకుంటారు. అది భయమే. అయితే దాన్ని ఫోబియా అని ఏ డాక్టరూ అనడు. ఎందుకు అనడన్న ప్రశ్నకు సమాధానం చాలామంది అనుకున్నంత సులువుగా దొరకదు. భయం తీవ్రంగా ఉంటే ఫోబియా, కొద్దిగా ఉంటే మామూలు భయం అనే లెక్క వాడుకలో ఉంది కానీ, జనసమ్మర్దంలో బిడ్డ కనబడని తల్లి గుండెలో ఆ నిమిషంలో కలిగే భయం కన్నా తీవ్రమైనది వేరే ఏదీ ఉండకపోవచ్చు.

ఇంటర్నెట్టులో వెదికితే దారి తప్పుతామన్న భయానికి ‘మేజియోఫోబియా’ అనే పేరు దొరుకుతుంది. పేరు వినగానే గ్రీకు వైద్యశాస్త్రం నుంచి దిగివచ్చినట్టు ఉంటుంది. నిజానికి అది మేజ్ అనే ఇంగ్లీషు మాటకు, అంటే చిక్కుదారుల పద్మవ్యూహానికి, గ్రీకు తోక తగిలించగా వచ్చిన అతుకుల మాట. ఇలాంటి పేర్ల జాబితాలు వందల సంఖ్యలో ఉన్నాయి, చదవడానికి సరదాగానూ ఉంటాయి. మానసిక వైద్యులు రోగనిర్ధారణకు వాడే పుస్తకాలలో మాత్రం ఈ పేరు లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎమ్-5 ఒక్కో వస్తువుకు ఒక్కో ఫోబియా పేరు పెట్టే పనికి పూనుకోలేదు. జంతువులు, ప్రకృతి పరిస్థితులు, రక్తం-సూది-గాయం, సన్నివేశాలు, ఇతరాలు అని ఐదు గుంపులు చేసి, అన్నిటినీ కలిపి స్పెసిఫిక్ ఫోబియా అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11, 2022 జనవరి నుంచి అమలులో ఉన్నది, అదీ ఇదే దారిలో నడుస్తుంది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మానసిక రుగ్మతను జాతీయంగానో అంతర్జాతీయంగానో ఆమోదం పొందిన ప్రమాణాల ప్రకారమే నిర్ణయించాలని చెబుతూ ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణను పేరుపెట్టి ప్రస్తావించింది. పేరుకు గ్రీకు వాసన ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, పేరు లేనంత మాత్రాన బాధ లేనట్టూ కాదు.

మరి ఆ ప్రమాణాలు ఏమంటాయి? ఒక నిర్దిష్టమైన వస్తువు లేదా సన్నివేశం ఎదురైన దాదాపు ప్రతిసారీ, ఆలస్యం లేకుండా భయం పుట్టాలి. ఆ సన్నివేశాన్ని మనిషి పనిగట్టుకుని తప్పించుకుంటూ ఉండాలి, తప్పించుకోలేనప్పుడు తీవ్రమైన ఆందోళనతో భరించాలి. ఆ భయం అసలు ప్రమాదానికీ, ఆ మనిషి బతుకుతున్న సమాజ పరిస్థితులకూ పొంతన లేనంత ఎక్కువగా ఉండాలి. అది సాధారణంగా 6 నెలలు, అంతకు మించి కొనసాగాలి. దానివల్ల ఉద్యోగమో, చదువో, నలుగురితో కలిసి మెలగడమో దెబ్బతినాలి, లేదా చెప్పుకోదగిన మనోవ్యథ కలగాలి. చివరిగా, ఆ భయాన్ని మరో రుగ్మత ఇంతకన్నా బాగా వివరించగలిగేలా ఉండకూడదు. వీటిలో ఏ ఒక్కటీ చాలదు. అన్నీ ఒకచోట చేరాలి.

ఈ చట్రాన్ని మనుషుల మీద పెట్టి చూస్తే కానీ దాని పదును తెలియదు. ఒంగోలు నుంచి హైదరాబాదుకు బదిలీ మీద వచ్చిన ఇద్దరు ఉద్యోగినులను ఊహించుకుందాం. మొదటామె రెండు మెట్రో లైన్లు కలిసే అమీర్‌పేట స్టేషనులో ఒక వైపు దిగాల్సింది మరో వైపు దిగింది. మెట్ల కింద రోడ్డు ఎటు పోతోందో తెలియక చెమటలు పట్టాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పూలమ్మే ఆమెను అడిగి మళ్ళీ పైకెక్కి అవతలి వైపు దిగింది. మూడు నెలల్లో ఇలా ఐదారు సార్లు అయింది. ఆరోసారికి చెమటలు పట్టలేదు, విసుగు మాత్రం పుట్టింది. రెండో ఆమె ఒక్కసారి కూడా దారి తప్పలేదు. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్ళే ఒకే ఒక బస్సు, ఒకే స్టాపు, ఆ స్టాపు నుంచి ఒకే కిరాణా కొట్టు. ఎనిమిది నెలలుగా ఆ గీత దాటలేదు. ఫోన్‌లో చార్జింగ్ ఎనభై శాతం కన్నా తగ్గితే గడప దాటదు. సిగ్నల్ పోతుందేమోనని మ్యాప్‌ను ముందే స్క్రీన్‌షాట్లు తీసుకుంటుంది. ఒకరోజు రోడ్డు పనుల వల్ల బస్సును పక్క రోడ్డులోకి మళ్ళించినప్పుడు గుండె దడదడలాడి, ఊపిరి అందక, మధ్యలో దిగిపోయి ఆటోలో ఇంటికి తిరిగి వచ్చింది, ఆఫీసుకు సెలవు పెట్టింది. కొంపల్లిలో జరిగిన అక్క కూతురి ఓణీల ఫంక్షనుకు వెళ్ళలేదు. వేరే బ్రాంచిలో వచ్చిన ప్రమోషన్‌ను ఆరోగ్యం బాగాలేదన్న సాకుతో వదులుకుంది.

దారి తప్పిన లెక్క చూస్తే మొదటామెకు భయపడే హక్కు ఎక్కువ. ఫోబియా ఉన్నది మాత్రం రెండో ఆమెకు. దారి తప్పడం కన్నా, దారి తప్పే అవకాశం నుంచి తప్పించుకోవడం ఇక్కడ అసలు లక్షణం. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ తప్పిపోకపోవడమే ఆమె జబ్బుకు సాక్ష్యమన్న మాట విచిత్రంగా ఉంటుంది కానీ, ఫోబియాల విషయంలో ఇదే మామూలు సంగతి. కుక్కంటే ఫోబియా ఉన్నవారిలో చాలామంది ఏళ్ళ తరబడి కుక్కకు పది గజాల దూరంలోకి కూడా వెళ్ళి ఉండరు.

ప్రమాణాలలో అన్నిటికన్నా చిక్కుముడి ‘పొంతన లేని’ అన్న మాట. దేనితో పోలిస్తే పొంతన లేదు? అర్ధరాత్రి తెలియని ఊరి బస్టాండులో ఒంటరిగా దిగిన అమ్మాయి భయాన్ని పగటిపూట కాలేజీ క్యాంపస్‌లో అబ్బాయి భయంతో తూచడం అన్యాయం. బోర్డుల మీది లిపి చదవలేని వలస కూలీకి, చేతిలో తిరుగు చార్జీకి మించి డబ్బులేని ముసలమ్మకు, గల్ఫులో భాష తెలియని పేటలో దిగిన తెలుగు పనిమనిషికి దారి తప్పడమంటే నిజమైన నష్టం, కొన్నిసార్లు నిజమైన ప్రమాదం. నిర్ధారణ ప్రమాణాలలో సామాజిక, సాంస్కృతిక సందర్భాన్ని చూడాలన్న షరతు ఉన్నది ఇందుకే. ఆచరణలో మాత్రం ఈ షరతే అన్నిటికన్నా తొందరగా మరుగున పడుతుందని అనిపిస్తుంది. ఆడపిల్లల జాగ్రత్తను పిరికితనమనడం, వలస మనిషి బెదురును అజ్ఞానమనడం మనకు అలవాటు. ఆ అలవాటు డాక్టర్ గదిలోకి కూడా రాగలదు.

1994లో వచ్చిన డీఎస్ఎమ్ నాలుగో ఎడిషన్‌లో, తన భయం అతిగా ఉందని పెద్దవారైన రోగులు స్వయంగా గుర్తించాలన్న నియమం ఉండేది. 2013లో దాన్ని తీసేశారు. ఫోబియా ఉన్నవారు తాము భయపడే సన్నివేశంలోని ప్రమాదాన్ని తరచూ ఎక్కువ చేసి అంచనా వేస్తారని, వృద్ధులైతే ఆ భయాన్ని వయసు ఖాతాలో వేసేస్తారని అనుభవంలో తేలడమే కారణం. ‘ఈ వయసులో ఒక్కదాన్నే ఎక్కడికి పోతాను’ అనే మాట మన ఇళ్ళలో ఎంత సహజంగా వినిపిస్తుందో తెలిసినవారికి ఈ మార్పు విలువ వెంటనే అర్థమవుతుంది. పొంతన ఉందో లేదో తేల్చే పని ఇప్పుడు రోగి మీద లేదు, పరీక్షించే డాక్టర్ మీద ఉంది.

భయానికి ఆధారమే లేదనుకోవడం కూడా పొరపాటు. మనిషి నిజంగానే తేలికగా దారి తప్పే జీవి. జర్మనీలోని ట్యూబింగెన్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన యాన్ సౌమన్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిని జర్మనీ అడవిలోనూ, ట్యునీషియా వైపు సహారా ఎడారిలోనూ తిన్నగా ఒకే వైపు నడవమన్నారు. సూర్యుడు కనబడుతున్నంతసేపు దాదాపు తిన్నగానే నడిచారు. మబ్బు పట్టిన రోజు అడవిలో నడిచినవారు, తిన్నగా పోతున్నామనే నమ్ముతూ, సున్నాలు చుట్టి తాము నడిచిన దారినే మళ్ళీ దాటారు. కళ్ళకు గంతలు కట్టుకుని మైదానంలో నడిచినవారు కొన్నిసార్లు 20 మీటర్ల వ్యాసం కన్నా చిన్న వృత్తాలు చుట్టారు. బయటి గుర్తు ఏదీ లేనప్పుడు శరీరం తనంతట తాను దిక్కును నిలుపుకోలేదు. తిరిగిన చోటే తిరగడం గురించి పల్లెల్లో చెప్పుకునే దయ్యం కథలకు ఈ మాత్రం ఆధారం చాలు.

బయటి గుర్తులు ఉన్నప్పుడు మెదడు చేసే పని మాత్రం అద్భుతమైనది. చోటును గుర్తించే కణాలను ఎలుక మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో శాస్త్రవేత్త జాన్ ఓకీఫ్ 1971లో కనుగొన్నారు. దాని పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్ అనే భాగంలో, నేలమీద గళ్ళు గీసినట్టు స్పందించే కణాల సంగతిని మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ 2005లో వెల్లడించారు. ముగ్గురికీ కలిపి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ లోపలి పటం అందరిలో ఒకేలా తయారుకాదు, ఏ వాడుకలో పెరిగామన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. మొబైల్ ఆట ద్వారా 38 దేశాలకు చెందిన సుమారు 4 లక్షల మంది సామర్థ్యాన్ని కొలిచి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, నగరాల బయట పెరిగినవారు సగటున మెరుగ్గా దారి కనుక్కున్నారు. చదరంగం గళ్ళలా తిన్నని వీధులున్న నగరాలలో పెరిగినవారు వెనకబడ్డారు.

దారి పట్టుకునే పద్ధతులు స్థూలంగా రెండు. ఒకటి మలుపుల వరస: గుడి దగ్గర కుడికి, రావిచెట్టు దాటాక ఎడమకు. రెండోది దిక్కుల మీద నిలిచే పటం. తెలుగు పల్లె ఈ రెండోదాన్ని రోజువారీ మాటల్లోకి దించుకుంది. తూర్పు వీధి, పడమటింట్లో పొయ్యి, దక్షిణపు గోడ వంటి మాటలు విని పెరిగిన పిల్లలకు దిక్కులు వేరే నేర్పవలసిన పని ఉండేది కాదు. నగరం మొదటి పద్ధతికి మారింది. హైదరాబాదు అత్తాపూర్‌లో ఇంటి అడ్రసు చెప్పమంటే పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే స్తంభం నంబరు చెబుతారు. స్తంభం కనబడినంతసేపు అంతా బాగుంటుంది. ఒక మలుపు పోగానే గొలుసు మొత్తం తెగిపోతుంది. అమెరికా మనస్తత్వవేత్త కారొల్ లాటన్ 1994లో ప్రచురించిన పరిశోధనలో, తెలియని చోట్ల దారి కనుక్కోవడంపై ఆందోళనను కొలిచే ప్రశ్నావళిని రూపొందించారు. మహిళలు మలుపుల వరసను ఎక్కువగా, పురుషులు దిక్కుల పటాన్ని ఎక్కువగా వాడుతున్నట్టు చెప్పుకున్నారు; ఆందోళన మహిళలలో ఎక్కువగా కనిపించింది; దిక్కుల పద్ధతిని తక్కువగా వాడేవారిలో ఆందోళన ఎక్కువ ఉంది. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇలాంటి సహసంబంధాలతో తేలదు. అయితే బయట తిరిగే స్వేచ్ఛ తక్కువైనవారికి పటం పలుచగా ఉంటుందని, పటం పలుచగా ఉన్నవారికి భయం ఎక్కువవుతుందని, భయం ఎక్కువైనవారు ఇంకా తక్కువ తిరుగుతారని అనుకోవడానికి పెద్దగా తర్కం అక్కరలేదు. ఆడపిల్లను ‘తోడు లేకుండా వెళ్ళకు’ అంటూ పెంచి, పాతికేళ్ళకు ‘దీనికి దారులు తెలియవు’ అనడం ఈ చక్రంలో ఒక చుట్టు.

మామూలు బెదురు ఫోబియాగా ఎలా గట్టిపడుతుంది? చిన్నప్పుడు తిరునాళ్ళలో తప్పిపోయిన అనుభవమే మూలమని అందరూ ఊహిస్తారు. 1920లో మనస్తత్వవేత్తలు జాన్ వాట్సన్, రోజలీ రేనర్‌లు ఒక పసివాడికి భయాన్ని నేర్పడానికి జరిపిన, ఇవాళ ఏ నైతిక సంఘమూ అనుమతించని ప్రయోగం తర్వాత, భయాలన్నీ చేదు అనుభవంతో అంటుకునేవే అన్న నమ్మకం బలపడింది. కానీ ఫోబియా ఉన్న చాలామందికి అలాంటి సంఘటన ఏదీ గుర్తుండదు. అలాంటి సంఘటన జరిగిన చాలామందికి ఫోబియా రాదు. పాములు, ఎత్తులు, చీకటి వంటి వాటి విషయంలో మనిషి జాతికి భయాన్ని త్వరగా నేర్చుకునే సిద్ధత ముందే ఉందని మార్టిన్ సెలిగ్‌మన్ 1971లో వాదించారు. పసిబిడ్డ గుంపు నుంచి విడిపోతే బతకలేని కాలం చాలా పొడుగ్గా నడిచింది కనుక, ఒంటరిగా తెలియని చోట ఉండిపోవడాన్ని ఆ జాబితాలో చేర్చినా పెద్ద అభ్యంతరం ఉండకపోవచ్చు.

భయం ఎలా పుట్టిందన్న దానికన్నా ఎందుకు పోవడం లేదన్న దానికి గట్టి సమాధానం ఉంది. అది 1947లో మనస్తత్వవేత్త ఓ.హెచ్.మౌరర్ ఇచ్చిన సమాధానం. భయపెట్టే చోటును తప్పించుకున్న ప్రతిసారీ గుండె కుదుటపడుతుంది. ఆ ఊరటే బహుమానమై తప్పించుకునే అలవాటును బలపరుస్తుంది. ‘వెళ్ళలేదు కాబట్టే బయటపడ్డాను’ అని మనసు లెక్క రాసుకుంటుంది. వెళ్ళి ఉంటే ఏమయ్యేదో తెలుసుకునే సందర్భం ఎప్పటికీ రాదు కనుక ఆ లెక్కలోని తప్పు బయటపడదు. దారి తప్పే భయం విషయంలో ఈ అలవాటుకు మన కాలం ఒక గొప్ప మారువేషం ఇచ్చింది: జేబులోని మ్యాప్. మ్యాప్ వాడే అందరూ రోగులు కారు, అది ఎంతో పనికివచ్చే సాధనం. ప్రతిరోజూ నడిచే రోడ్డుకు కూడా మ్యాప్ పెట్టుకోవడం, బ్యాటరీ తగ్గగానే వణకడం, నెట్ రాని చోటికి పెళ్ళి పిలుపు వస్తే జ్వరం తెచ్చుకోవడం మాత్రం వైద్యులు రక్షణ చర్యలు అని పిలిచే కోవలోకి వస్తాయి. ఫోన్ ఉన్నంతకాలం ఫోబియా ఉందని ఇంట్లోవారికే కాదు, ఆ మనిషికీ తెలియకపోవచ్చు. పైగా జీపీఎస్ మీద ఎక్కువ ఆధారపడిన డ్రైవర్లలో, అది లేకుండా దారి కనుక్కోవలసి వచ్చినప్పుడు చోట్ల జ్ఞాపకం బలహీనంగా ఉందని కెనడా పరిశోధకులు 2020లో తెలిపారు. తక్కువమందితో చేసిన అధ్యయనమే అయినా కొట్టిపారేయదగింది కాదు.

ఇక ప్రమాణాల జాబితాలో చివరిది, మరో రుగ్మత ఇంతకన్నా బాగా వివరించకూడదన్నది. వ్యవహారమంతా దాదాపు ఇక్కడే తేలుతుంది. దారి తప్పుతానని భయపడే మనిషిని ‘తప్పితే ఏమవుతుంది?’ అని అడగాలి. ప్రశ్న తేలికగా కనిపించినా, జవాబులు ఒక్కొక్కటి ఒక్కో దారికి తీసుకెళ్తాయి.

‘గుండె ఆగిపోతుందేమో, కళ్ళు తిరిగి పడిపోతే చూసేవాళ్ళు ఉండరు’ అని జవాబు వస్తే, భయం దారి గురించి కాదు, సహాయం అందని చోట తన శరీరం ఏమైపోతుందో అన్న దాని గురించి. అది అగొరాఫోబియా వైపు చూపుతుంది. 1871లో బెర్లిన్ వైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్ ఈ పేరు పెట్టినప్పుడు, విశాలమైన కూడళ్ళు దాటలేక నిలబడిపోయే రోగులను వర్ణించాడు. పక్కన తోడు నడిస్తే వారి భయం తగ్గేది. పేరులో సంత అనే అర్థం ఉన్నా, ఇప్పటి నిర్వచనంలో ప్రజా రవాణా, బహిరంగ స్థలాలు, మూసి ఉన్న చోట్లు, వరుసలూ గుంపులూ, ఇంటి బయట ఒంటరిగా ఉండడం అనే ఐదింటిలో కనీసం రెండింటి పట్ల భయం ఉండాలి. పిల్లలలో ఇది అయోమయం, తప్పిపోతామన్న బెదురు రూపంలో కనిపించవచ్చని కూడా డీఎస్ఎమ్-5 పేర్కొంది.

‘అమ్మ మళ్ళీ కనబడదు’ అని ఒక పిల్లవాడు అంటే అది వేరే సంగతి. ఎడబాటు ఆందోళన రుగ్మత లక్షణాలలో, తాను తప్పిపోవడం, తనను ఎవరైనా ఎత్తుకుపోవడం వంటివి జరిగి అయినవారికి దూరమవుతానన్న అతి దిగులును ఉదాహరణగా చూపారు. పిల్లలలో దానికి గడువు 6 నెలలు కాదు, 4 వారాలే. మూడు నాలుగేళ్ళ పిల్లల్లో ఈ బెదురు కొంత ఉండడం ఎదుగుదలలో భాగమే కనుక, తొందరపడి పేరు పెట్టకపోవడం మేలు.

‘దారి అడగాలంటే చచ్చేంత సిగ్గు, నన్ను వెర్రివాడిని చూసినట్టు చూస్తారు’ అంటే, అక్కడ భయపెడుతున్నది వీధి కాదు, వీధిలోని మనుషుల చూపు. అది సామాజిక ఆందోళన కావచ్చు. తెలియని చోట ఒకసారి దాడికి గురైన మనిషి ఆ చోటును పోలిన ప్రతి సందు దగ్గరా వణికితే, ఆ సంఘటన తాలూకు గాయాన్ని ముందు చూడాలి.

‘ఏమవుతుందని కాదు, నేను నిజంగానే ఎప్పుడూ తప్పిపోతాను’ అన్న జవాబును అన్నిటికన్నా జాగ్రత్తగా వినాలి. పరిశోధకుడు జుసెప్పీ ఇయారియా బృందం 2009లో ఒక మహిళ గురించి వివరించింది. మెదడులో గాయమేదీ లేదు, తెలివితేటలు మామూలుగానే ఉన్నాయి, అయినా పుట్టి పెరిగిన పరిసరాలలో కూడా ఆమెలో పటం తయారుకాలేదు. అలాంటి వారు తర్వాత మరెందరో ముందుకు వచ్చారు. వారి భయానికి అనుభవమే ఆధారం. దాన్ని అతి అనడానికి వీల్లేదు. అరవై దాటినవారిలో కొత్తగా మొదలైన భయమైతే ఇంకా అప్రమత్తత కావాలి. అల్జీమర్స్ వ్యాధి మెదడులో ముందుగా దెబ్బతీసే చోట్లలో ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. పాతికేళ్ళుగా నడిచిన రైతుబజారు దారిలో ఒక రోజు నిలబడిపోయిన పెద్దాయన, ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా ‘ఎండగా ఉంది, రేపు పోతాలే’ అంటూ బయటికి వెళ్ళడం మానేస్తే, పైకి చూడడానికి అదీ తప్పించుకోవడమే. ఫోబియా అనుకుని ధైర్యం చెబుతూ కూర్చుంటే విలువైన కాలం పోతుంది. నలభై, యాభై ఏళ్ళ వరకు లేని భయం కొత్తగా వచ్చిందంటే మానసిక వైద్యుడితో పాటు న్యూరాలజిస్టు కూడా చూడవలసి ఉంటుంది.

ఈ జల్లెడ అంతా పట్టాక నిలిచే అసలైన ఫోబియాకు, మానసిక చికిత్సలలో బాగా ఫలితమిచ్చే రుగ్మతలలో ఒకటిగా పేరుంది. మాత్రల పాత్ర ఇక్కడ తక్కువ. భయపడే దాన్ని ఒక పద్ధతి ప్రకారం ఎదుర్కొనే ఎక్స్‌పోజర్ థెరపీదే ప్రధాన పాత్ర. మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లో ప్రచురించిన విధానంలో మనిషికి శరీరాన్ని వదులు చేసుకోవడం నేర్పి, చిన్న భయం నుంచి పెద్ద భయానికి మెట్లెక్కించేవారు. స్వీడన్‌కు చెందిన లార్స్-యోరన్ ఓస్ట్ 1989లో, కొన్ని ఫోబియాలకు దాదాపు మూడు గంటల ఒకే విడతలో చికిత్స చేయవచ్చని చూపారు. ధైర్యం నూరిపోయడం ఈ పద్ధతుల్లో లేదు. ‘ఏమీ కాదులే’ అన్న ఓదార్పు వల్ల అప్పటికి ఊరట కలుగుతుంది తప్ప, ఏమీ కాదన్న సంగతిని ఆ మనిషి తన కాళ్ళతో నడిచి తెలుసుకునే అవకాశం పోతుంది. ఇంట్లోవారు ప్రతిసారీ తోడు వెళ్ళడం కూడా ఇలాంటిదే. ప్రేమతో చేసే ఆ పని భయానికి కాపలా కాస్తుంది. ఎవరిని అడగాలో తెలియనివారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ముందు చెప్పుకున్న రెండో ఉద్యోగిని ఈ చికిత్సకు వెళ్ళిందనుకుంటే, మొదటి వారం పని చాలా చిన్నది: తన స్టాపుకు ఒక స్టాపు ముందు దిగి నడవడం. తర్వాత అదే దూరం ఫోన్‌ను సంచి అడుగున పెట్టి నడవాలి. ఆపైన తెలియని రూటు బస్సు ఎక్కి మూడు స్టాపులు పోయి తిరిగి రావాలి, తెలిసినా తెలియకపోయినా ఇద్దరిని దారి అడగాలి. ప్రతి మెట్టుకు ముందు ఒక కాగితం మీద ఏం జరుగుతుందని అనుకుంటోందో, ఎంతవరకు నమ్ముతోందో రాయాలి. వచ్చాక పక్కనే జరిగింది రాయాలి. ఆందోళన తగ్గిందా లేదా అన్నదానికన్నా, ఊహించినదానికీ జరిగినదానికీ మధ్య తేడాయే పనిచేస్తుందని కొత్త పరిశోధకులు చెబుతున్నారు. అన్నిటికన్నా పై మెట్టు మీద ఉన్నది దారి తెలుసుకోవడం కాదు, కావాలని దారి తప్పడం. పగటిపూట, మనుషులు తిరిగే పేటలో, ఫోన్ ఆపేసి, రెండు సందులు తోచినట్టు తిరగాలి. ఆ రోజు ఆమె కాగితంలో ఎడమవైపు ఇలా ఉండవచ్చు: ఎవరూ చెప్పరు, చీకటి పడుతుంది, ఊపిరి ఆగి పడిపోతాను, నమ్మకం నూటికి తొంభై. కుడివైపు: ఎనిమిది నిమిషాలు. కాళ్ళు వణికాయి. గడప కడుగుతున్న ఒకావిడను అడిగాను. ‘ఇక్కడికి కొత్తా అమ్మా? ఆ టైలర్ షాపు దగ్గర తిరుగు, మెయిన్ రోడ్డు అక్కడే’ అంది.